ఓతప్రోతములు: వ్యాఖ్యాతయు మగ్గమును

మన శాస్త్రగ్రంథములలో దృష్టాంతమునకై తఱచుగా వచ్చు వస్తువులు రెండు. ఒకటి కుండ, రెండవది బట్ట. ఘటపటములు లేనిదే తార్కికుఁడు నోరు విప్పఁడు. అందుఁ గుండ పుట్టు తెఱఁగును పండితులలోఁ బలువురు చూచియే యుందురు. కుమ్మరిసారె వీధిలోనివారికిఁ గనఁబడును. మగ్గ మట్టిది కాదు. అది యింటిలోపల గుంటపై నమర్చఁబడి యుండును. అందువలననో, మఱి యే కారణముననో, నేఁతకు సంబంధించిన పదములు వచ్చినపుడు మన వ్యాఖ్యాతలు ‘వస్త్రవిశేషము’ అనియు, ‘తంతువాయోపకరణవిశేషము’ అనియు వ్రాసి ముందునకు సాగుదురు. విశేష మెట్టిదో చెప్పుట వ్యాఖ్యాత ధర్మము. ఆ విశేషశబ్దమే విశేషమును దాఁచు తెర యగుట వింత.

ఇది యొక చిన్న లోపమే యని త్రోసివేయవచ్చునా? వేయరాదని నా తలంపు. ఉపనిషత్తులో నొక ప్రధానవాక్యము, మహాభాష్యములో నొక ముఖ్యసిద్ధాంతము, భారతములో నొక దివ్యదర్శనము, ఈ మూఁడును మగ్గము నెఱిఁగినవానికే పూర్తిగా నర్థమగునట్టివి. ఆ మూఁటిని బట్టియే యీ వ్యాసము. పరదేశముల నేఁతను గూర్చి నడుమ నడుమఁ జెప్పునది పోలికకొఱకే.

మొదట బాలురు చదువు తర్కసంగ్రహమును జూతము. అన్నంభట్టు ఆంధ్రుఁడని ప్రసిద్ధి. ఆయన పటమునకుఁ గారణములను మూఁడు తెగలుగా విభజించెను. తంతువులు సమవాయికారణము; తంతువుల సంయోగ మసమవాయికారణము; తురి, వేమ మొదలగునవి నిమిత్తకారణములు. ఈ తురీవేమములను మన విద్యార్థులు కంఠస్థము చేసి పరీక్షలో నొప్పగింతురు. తురి యనఁగా నేమని యడిగినచోఁ గొందఱు గురువులు నాడె యందురు, కొందఱు నూలు దువ్వు కుంచె యందురు. వేమ యనఁగా మగ్గ మని తేల్చువారును గలరు. అమరసింహుఁడు వేమశబ్దమునకు వాయదండ మను పర్యాయము నిచ్చెను. దండ మనఁగాఁ గఱ్ఱ. కఱ్ఱ యొక్కటి మగ్గ మెట్లగును? అది పేకనూలును దగ్గఱకుఁ గొట్టు కఱ్ఱ. మన గుంటమగ్గముపైఁ బన్నె యీ పనిని జేయుటచే విడికఱ్ఱతో నవసరము తీఱినది. కాని బాలిద్వీపములోని తెంగనాన్ గ్రామమున స్త్రీలు నడుమునకుఁ బట్టెను దగిలించుకొని నేయు మగ్గములపైఁ గత్తివంటి కఱ్ఱతోఁ బేకను గొట్టుట నేఁటికిని గలదు. దక్షిణామెరికాలోని ఆండీస్ పర్వతప్రాంతపు నేఁతగత్తె లట్లే చేయుదురు. అమరకోశములోని వాయదండ మేదో తెలియఁగోరువాఁ డా మగ్గముల చిత్రపటములను జూచిన సందేహము తీఱును. తురిని గూర్చి తుదకుఁ జెప్పెదను.

ఇఁక బృహదారణ్యకము. మూఁడవ యధ్యాయమున నాఱవ బ్రాహ్మణము నందును, ఎనిమిదవ బ్రాహ్మణము నందును గార్గి యాజ్ఞవల్క్యు నడిగిన ప్రశ్న లున్నవి. రెండవసారి యామె తన ప్రశ్నలను విలుకాని చేతి బాణములతోఁ బోల్చుకొన్నదేకాని, ప్రశ్నలోని మాటలు మాత్రము రెండుచోట్లను సాలెవానివి. ఈ సర్వమును దేనియందు ఓతమును బ్రోతమును అయి యున్నది యని యామె యడుగును. జలము, వాయువు, అంతరిక్షలోకములు, ఇట్లొకదానిమీఁద నొకటిగాఁ బ్రశ్న పైకిఁ బోవును. కడపటి సమాధాన మక్షరము.

ఓతమేది? ప్రోతమేది? శంకరభగవత్పాదులు తమ భాష్యమున ఓతము పటమునందలి నిలువునూలువలె ననియు, ప్రోత మడ్డునూలువలె ననియుఁ జెప్పి, వెంటనే యిది విపరీతముగానైనను గావచ్చు నని వికల్పమును గూడ నంగీకరించిరి. భాష్యకారుల యీ నిజాయితీ శ్లాఘ్యము. తరువాతివారు మొదటి పక్షమునే పట్టుకొని వికల్పమును మఱచిరి. మన తెలుఁగు టీకలలో ‘పడుగుపేకలవలె’ నని వ్రాసి, ఏది పడుగో యేది పేకయో చెప్పక దాఁటిపోవుట సామాన్యము. నాకుఁ జూడఁగా భాష్యకారులు రెండవదిగా నిచ్చిన పక్షమే బలవత్తరము. ఓతము పేక, ప్రోతము పడుగు. కారణములను జూపెదను.

ఓతశబ్దము ఆఙ్‌పూర్వకమైన వేఞ్‌ ధాతువునకు క్తప్రత్యయము చేరఁగా నేర్పడినది. ఆఱవ యధ్యాయము మొదటి పాదములోని 15వ సూత్రముచే సంప్రసారణము వచ్చి ఉత మగును. ఆఙ్‌తోఁ గలసి ఓత మగును. ప్రశబ్దముతోఁ గలసినచోఁ బ్రోత మగును. రెంటికిని ధాతు వొక్కటియే కావున వ్యుత్పత్తిమాత్రముచే భేదము తేలదు, ప్రయోగమును జూడవలెను. ఋగ్వేదము ఆఱవ మండలము తొమ్మిదవ సూక్తమున ఋషి తనకుఁ దంతువును దెలియదు, ఓతువును దెలియదు అని వైశ్వానరుని సన్నిధిని విన్నవించుకొనును. అచ్చటఁ దంతువు పడుగు, ఓతువు పేక. తనోతి యను ధాతువునుండి వచ్చిన తంతువు సాఁచి కట్టఁబడినది. వేఞ్‌ ధాతువునుండి వచ్చిన ఓతువు దానిలో నేయఁబడునది. పదవ మండలము 130వ సూక్తమున సృష్టి యంతయు నొక నేఁతగా వర్ణితమైనది. అందు మయూఖము లనఁబడు గూటములును, నేయుటకై తసరము లనఁబడు నాడెలును గలవు. నాడె మోయునది పేకనూలు. కాఁబట్టి వేఞ్‌ ధాతువు తన ముఖ్యార్థమునఁ బేకను నడపుటనే చెప్పును. ఇంతవఱకు ఓతము పేక యనుట సిద్ధించినది.

ప్రోతశబ్దము మాట యేమి? లోకమున నీ శబ్దము గ్రుచ్చఁబడిన దను నర్థమున రూఢము. భగవద్గీత సప్తమాధ్యాయమున సూత్రమున మణులు గ్రుచ్చఁబడిన దృష్టాంతమునకు నీ పదమే వాడఁబడినది. మగ్గమునందు గ్రుచ్చఁబడు నూలేది? పడుగే. ఒక్కొక్క పడుగుపోఁగును నూలుకన్నులలో దూర్చి, పిదపఁ బన్నెపలుకల సందులలో నుండి యీవలికి లాఁగవలెను. పేక యెచ్చటను గ్రుచ్చఁబడదు. పడుగు నోరు తెఱచినపు డడ్డముగా దూసికొనిపోవును. ఒకసారి మా పాఠశాల విద్యార్థులను నేఁతయింటికిఁ దీసికొనిపోయితిని. పాఁత పడుగు తుదలకుఁ గ్రొత్త పడుగుపోఁగుల నొక్కటొక్కటిగా మెలిపెట్టి యదుకుచున్న వృద్ధుని, ‘పెద్దయ్యా, దీనికెంత కాలము పట్టును?’ అని యడిగితిని. ‘పంతులుగారూ, పడుగు సిద్ధమైతే చీర సగమైనట్లే. నేయడమెంత!’ అని యాయన తల యెత్తక చెప్పెను. నాఁటి విద్యార్థు లెవ్వరును బ్రోతశబ్దార్థమును మఱవలేదు.

దీనిపైఁ బూర్వపక్షములు రెండు. పైఁజెప్పిన 130వ సూక్తములోనే ముందునకు నేయుట, వెనుకకు నేయుట యను రెండు క్రియలు ప్ర, అప యను నుపసర్గములతోఁ జెప్పఁబడినవి. అచ్చట ప్రపూర్వకమైన వేఞ్‌ కూడఁ బేకనే చెప్పుచున్నది గదా యనవచ్చును. నిజమే. కాని యా మంత్రమునఁ బడుగును జెప్పుటకు సాఁచఁబడిన దను నర్థము గల తతశబ్దము వేఱుగాఁ గలదు. ఉపనిషత్తులో నట్టి మూఁడవ శబ్దము లేదు. రెండు శబ్దములలో నొకటి పడుగు కావలెను. ఓతువు పేక యని శ్రుతిప్రసిద్ధి యున్నది. కావునఁ బారిశేష్యముచేఁ బ్రోతమే పడుగు.

రెండవది. పనిలోఁ బడుగు ముందు, పేక వెనుక. తంతువు ఓతువు అను క్రమము నట్లే యున్నది. తెలుఁగునఁ గూడఁ బడుగుపేక యందుముగాని పేకపడుగు అనము. ఓతప్రోతము లనునపుడు మొదట వచ్చిన ఓతమే పడుగు కావలదా యని ప్రశ్న. సమాసమును బట్టి యీ ప్రశ్న వేయువారు రెండవ యధ్యాయము రెండవ పాదము 33వ సూత్రమును స్మరింతురుగాక. ద్వంద్వమున నచ్చు మొదటఁ గలిగి యకారాంతమైన పదము పూర్వమందు వచ్చును. ఓతపద మట్టిది. ఆ క్రమము పాణిని నియమమువలన వచ్చినదేకాని సాలెవాని పనివలన వచ్చినది కాదు. ఉపనిషద్వాక్యమున సమాసము లేదు, నిజమే; అక్కడను వేఱుగా నిలిచిన రెండు పదముల క్రమమునుండి యర్థమును దీయుట ప్రమాణము కాదు.

ఇంత చర్చ చేసి సాధించిన దేమి? గార్గి ప్రశ్నలోని బిగువు. ఓతమనినను బ్రోతమనినను ‘వ్యాపించినది’ యని యొకే యర్థము వ్రాయువారు రెండవ పదమును వ్యర్థము చేయుచున్నారు. సాఁచఁబడి గ్రుచ్చఁబడిన నూలును దేనిదో, దానిలో నడ్డముగాఁ జొప్పింపఁబడిన నూలును దేనిదో యని యామె యడుగుచున్నది. బట్టలో నీ రెండు గాక మూఁడవ నూలు లేదు. కార్యములో నిలువుగాఁగాని యడ్డముగాఁగాని కారణమునకు వెలియైన పోఁ గొక్కటియు లేదని యాజ్ఞవల్క్యుఁ డంగీకరింపక తప్పదు. గార్గి యాయనను దప్పించుకొన నీయని వల పన్నినది. టీకలోఁ బడుగును బేకను వేఱుచేసి చెప్పనిచో నా వల కనఁబడదు.

మహాభాష్యమునకు వత్తము. మొదటి యధ్యాయము మొదటి పాదము 45వ సూత్రమున సంప్రసారణసంజ్ఞ విహితమైనది. య, వ, ర, ల లకు స్థానమున వచ్చిన ఇకారాదులకు సంప్రసారణ మని పేరు. అయిన నొక చిక్కు కలదు. సంప్రసారణమును జేయు మని విధించునప్పటికి ఇకారాదులు పుట్టనే లేదు. పుట్టనిదానికిఁ బే రెక్కడిది? పేరు లేనిది విధి యెట్లు? అన్యోన్యాశ్రయము. దీనికిఁ బతంజలి యిచ్చిన సమాధానము సాలెవాని దృష్టాంతము. ఒకఁడు సాలెవానికి నూలిచ్చి దీనితోఁ జీర నేయు మనును. సాలెవాఁ డాలోచించును: చీరయే యైనచో నేయ నక్కఱలేదు, నేయవలసినదైనచోఁ జీర కాదు, కావున నేసినపిదప దేనికిఁ జీర యను పేరు వచ్చునో దానిని నేయు మని యితని తాత్పర్యము. ఇది భావినీ సంజ్ఞ, అనఁగాఁ గాఁబోవు పేరు.

ఈ ఘట్టమును బాఠము చెప్పువారు గమనింపని చమత్కారములు రెండు గలవు. మొదటిది, నేఁతను జెప్పు వేఞ్‌ ధాతువే సంప్రసారణమును బొందు ధాతువులలో నొకటి. ఉతము, ఊయతే యనురూపము లందువలన వచ్చినవే. ఏ సంజ్ఞను సమర్థించుటకు నేఁతను దృష్టాంతముగాఁ దెచ్చెనో ఆ సంజ్ఞకు నేఁత ధాతువే లక్ష్యము. పతంజలి యిది యెఱుఁగక చేసె నని నేను నమ్మఁజాలను. రెండవది, తర్కించువాఁడు పండితుఁడు కాఁడు, సాలెవాఁడు. వాక్యార్థవిచారము చేసి విరోధమును గని దానిని బరిహరించిన బుద్ధి యతనిది. దృష్టాంతములోని పాత్రకుఁ బతంజలి తన బుద్ధినే యెరువిచ్చెను.

ఈ భావినీ సంజ్ఞకు మన దేశమునఁ గన్నులకుఁ గట్టు వ్యాఖ్యాన మొకటి నేఁడు నడచుచున్నది. నల్లగొండ ప్రాంతపుఁ బోచంపల్లి, పుట్టపాక గ్రామములలో నేయకమునుపే నూలునకుఁ గట్లు కట్టి రంగులో ముంతురు. కట్టినచోట రంగు పట్టదు. కట్టు విప్పి, వేఱొకచోటఁ గట్టి, మఱియొక రంగులో ముంతురు. ఆ నూలు చూచువానికి మచ్చలమచ్చలుగా నుండును; పువ్వు లేదు, ఏనుఁగు లేదు, చిలుక లేదు. కాని కట్టినవాఁ డిది చిలుక యనియే కట్టెను. చిలుక యను పేరు భావిని. బట్టయందు మాత్రమే యది చిలుక యగును. ఈ పద్ధతికి లోకమున వ్యాపించిన ‘ఇకత్’ అను పేరు మలయ భాషలోఁ గట్టుట యను నర్థము గల మాట. పడుగునకును బేకకును రెంటికిని గట్లు కట్టి నేయుట మిక్కిలి యరుదు. గూర్జరదేశమున పాటణ నగరపుఁ బటోలాలు, పైఁజెప్పిన తెంగనాన్ గ్రామపు గెరింగ్‌సింగ్ వస్త్రములు, జపాను దేశపుఁ గసూరి నేఁతలోఁ గొన్ని, మన పుట్టపాక, చీరాల ప్రాంతములకుఁ బేరు దెచ్చిన తేలియా రుమాళ్లు ఈ తెగకుఁ జెందినవి. ఇట్టి నేఁతలో పడుగునందలి యెఱుపు మచ్చపైఁ బేకయందలి యెఱుపు మచ్చ సరిగాఁ బడినచోటనే పువ్వు నిండుగాఁ గనఁబడును. పడుగొక్కదానిలోఁ బువ్వు లేదు, పేకయొక్కదానిలో లేదు. ఓతప్రోతముల రెంటిని వేఱువేఱుగాఁ జెప్పిన గార్గి ప్రశ్నకు నింతకన్న మంచి చిత్రము నాకుఁ దెలియదు.

పాణిని సూత్రములలో నేఁతగదిలోని మాట లింకను గలవు. అయిదవ యధ్యాయము రెండవ పాదము 70వ సూత్రమునఁ దంత్రమునుండి యప్పుడే తీయఁబడిన బట్టకుఁ దంత్రక మను పేరు సాధింపఁబడినది. అదే యధ్యాయము కడపటి పాదము 160వ సూత్రమున నిష్ప్రవాణి యను రూపము నిపాతితమైనది. ప్రవాణి యనఁగా సాలెవాని శలాక యని కాశిక. అమరసింహుఁ డీ రెంటిని అనాహతముతోఁ జేర్చి నూతనవస్త్రమునకుఁ బర్యాయములుగాఁ జదివెను. నిఘంటుకారుఁడు చేసినది తప్పు కాదు, కాని టీకాకారులు దానివలనఁ జెడిపోయిరి. ‘క్రొత్తబట్ట’ యని మూఁటికి నొకే యర్థము వ్రాసి చేతులు దులుపుకొనిరి. మూఁడును మూఁడు దశలు. నేయు శలాక వెడలినది నిష్ప్రవాణి. మగ్గమునుండి కోసి దింపినది తంత్రకము. రేవులో బండపైఁ గొట్టఁబడనిది యనాహతము. రెండవ యధ్యాయము నాలవ పాదము పదవ సూత్రమునకు ‘రజకతంతువాయము’ అను నుదాహరణము గలదు. ఏకవద్భావమునకై యిచ్చినదే యైనను బట్ట బ్రదుకునఁ గలసియుండు రెండు చేతు లందుఁ గలసియున్నవి. కవి యెవఁడైన నాయికకు ననాహతవస్త్రమును గట్టించినచోఁ జాకిరేవు చూడని బట్ట, గంజి బిరుసు విడువని బట్ట యని యెఱిఁగిననేకదా యా వస్త్రపుఁ జప్పుడు చెవికి వినఁబడుట!

తంతువాయశబ్దమును గూర్చి యొక్కమాట. మూఁడవ యధ్యాయము రెండవ పాదము రెండవ సూత్రముచే నణ్‌ప్రత్యయము వచ్చి యీ రూపము సిద్ధించును. శిల్పి యైనపుడు ఆఱవ యధ్యాయము రెండవ పాదము 76వ సూత్రముచే స్వరము. సాలెపురుగున కది పేరైనపుడు తరువాతి సూత్రము. సాలెవానిని సాలెపురుగును వేఱుగా నుంచిన యీ వివేకము యవనపురాణములో లేదు. అచ్చట నేఁతలో దేవతతోఁ బోటీపడిన అరాఖ్నే శాపవశమున సాలెపురుగైనది. రోమక కవి ఓవిడ్ యా కథను విస్తరించి చెప్పెను. అమెరికాలోని నవహో జాతివారు మాత్రము సాలెపురుగుతల్లియే తమకు నేఁత నేర్పె నని చెప్పుకొందురు. శాపమునకు వరమునకు నెంత దూరము!

ఇఁక భారతము. ఆదిపర్వమునఁ బౌష్యోపాఖ్యానములో నుదంకుఁడు నాగలోకమున నిద్దఱు స్త్రీలు తెల్లని నల్లని నూళ్లతో బట్ట నేయుటయు, పన్నెండాకుల చక్రము నార్గురు కుమారులు త్రిప్పుటయుఁ జూచును. గురువు పిదప విప్పి చెప్పును: స్త్రీలు ధాతవిధాతలు, నూళ్లు రేయింబవళ్లు, చక్రము సంవత్సరము, కుమారులు ఋతువులు. నన్నయభట్టు దీనిని విడువక తెలుఁగున నిల్పెను. ఈ దర్శనమునకు మూల మథర్వవేదము పదవ కాండములోని స్కంభసూక్తము. అందు నిద్దఱు కన్యలు ఆఱు గూటముల మగ్గముపై నేయుదురు. ఒకతె నూలు సాఁచును, ఒకతె చొప్పించును. వారి పని తెగదు, ముగియదు. ఇందలి పనివిభాగమును జూడుఁడు. సాఁచునది పడుగు, చొప్పించునది పేక. భారతములో నీ విభాగము మఱుఁగుపడి రంగులు ముందునకు వచ్చినవి. కథకుని దృష్టి మగ్గమునుండి బట్టమీఁదికి మరలినది. రెండును గొప్పవే, కాని పనిని జూచిన కన్ను అథర్వఋషిదే.

ఈ రెండు చోట్లను నేయువారు స్త్రీలు. మన గుంటమగ్గముపైఁ గూర్చుండువాఁడు తఱచుగాఁ బురుషుఁడు. స్త్రీలు రాట్నము త్రిప్పి కండెలు చుట్టుదురు, ఆసు పోయుదురు. కౌటిల్యుని యర్థశాస్త్రమున సూత్రాధ్యక్షప్రకరణములో విధవలు, వికలాంగులు మొదలగు స్త్రీలచే నూలు వడకించి, నూలు సన్నఁదనమును బట్టి కూలి నీయవలె నని యున్నది. ఇల్లు వెడలని స్త్రీలు తెల్లవాఱుజామున నూలు తెచ్చి యిచ్చునపుడు దీపము నూలును బరీక్షించుటకే కాని మోమును జూచుటకుఁ గాదని కట్టుదిట్టము; మీఱినవానికి దండము. ధమ్మపదట్ఠకథలోఁ దండ్రి నేఁతకై తసరమున నూలు చుట్టి కొనిపోవు సాలెకన్నియ కథ కలదు. బుద్ధుఁ డడిగిన నాలుగు ప్రశ్నలకు లోతైన యుత్తరము లిచ్చిన యా బాలిక, నిద్రనుండి త్రుళ్లిపడి లేచిన తండ్రి మగ్గమును గదపఁగా దాని కొన తాఁకి యదే దినమున మరణించెను. ఆ కథ చదివినవారికిఁ దసరశబ్దము ‘ఉపకరణవిశేషము’ గా మిగులదు.

యవనదేశమునకుఁ బోదము. ఒడిస్సీ కావ్యమునఁ బెనెలొపె మామగారి శవవస్త్రమును బగలు నేయుచు, రాత్రి దీపముల వెలుఁగున విప్పుచు మూఁడేండ్లు వరార్థులను మోసగించినది. ఆ కావ్యమునఁ గిర్కె, కలిప్సో యను దేవతలు మగ్గముముందు నడయాడుచు నేయుదు రని యున్నది. మన గుంటమగ్గమును మనసులో నుంచుకొన్న పాఠకునకు నడయాడుచు నేయుట యసంబద్ధముగాఁ దోఁచును. వారి మగ్గము నిలువుది. పైదూలమునుండి పడుగు క్రిందికి వ్రేలును. పోఁగుల తుదలకు రాళ్లో మట్టిగుండ్లో కట్టుదురు. నేయునది నిలుచుండి యీ చివరనుండి యా చివరకు నడచుచుఁ బేకను జొప్పించి పైకిఁ గొట్టును. మగ్గమునకు వారు పెట్టిన పేరును, పడుగునకుఁ బెట్టిన పేరును ‘నిలుచుట’ యను ధాతువునుండియే పుట్టినవి. ఓడ కొయ్యకును మగ్గమునకును వారి కొకటే మాట. మన తంతువు సాఁచుటనుండి పుట్టినది. ఒక్కొక్క జాతి పడుగు నెట్లు చూచెనో యా జాతి మాట చెప్పుచున్నది.

సోఫోక్లీసు నాటకమొకదానిలోఁ దెగిన నాలుక గల స్త్రీ తన కథను బట్టలో నేసి యప్పకుఁ దెలిపినది. ఆ నాటక మిప్పుడు పూర్తిగా లేదు. అందలి నేఁతసాధనపు గొంతు అను మాటను అరిస్టాటిలు కావ్యశాస్త్రము 16వ ప్రకరణమున స్మరించెను. ఆ సాధనమును నాడె యని యనువదించుట యలవాటైనది. నిలువు మగ్గముపై విసరు నాడె లేదు. ఆ యవనశబ్దము పడుగుపోఁగుల నడుమ దూర్చి పేకను సర్దు మొనగల పుల్లను జెప్పు నని నేఁతశాస్త్రజ్ఞులు చూపిరి. మన వేమశబ్దమునకుఁ బట్టిన గతియే దానికిని బట్టినది.

ప్లేటో తన రాజనీతిగ్రంథమొకదానిలో రాజ్యపాలకుని నేఁతగానితోఁ బోల్చెను. గట్టిగా మెలిపెట్టిన పడుగునకు శూరస్వభావులను, మెత్తని పేకకు శాంతస్వభావులను సరిపెట్టెను. ఇది పని నెఱిఁగినవాని మాట. పడుగు లాఁగుడు భరింపవలెను. అందుకే మనవారు గంజి పట్టించి కుంచెతో దువ్వుదురు. పేక కా శ్రమ లేదు. చీనదేశీయులు పడుగును జెప్పు ‘జింగ్’ అను మాటనే తమ యార్షగ్రంథములకుఁ బేరుగాఁ బెట్టి, పేకను జెప్పు ‘వెయ్’ అను మాటను వానికిఁ దోడుగాఁ బుట్టిన గూఢార్థగ్రంథముల కిచ్చిరి. బౌద్ధుల సూత్రములు చీనభాషలోనికిఁ బోయినపుడు సూత్రశబ్దమునకు జింగ్ అను మాటనే వాడిరి. దార మను పేరు పడుగు అను పేరైనది! రోమకభాషలో గ్రంథపాఠమునకు నేయఁబడిన దనియే పేరు. మనము కావ్యమును నేయము, అల్లుదుము. పెద్దన యల్లికను గూర్చిన చాటువు పండితలోక మెఱిఁగినదే. అల్లుటకు మగ్గ మక్కఱలేదు, చేతులు చాలును. పడుగు ముందుగా సాఁచి పెట్టినట్లు కథను ముందుగా నేర్పఱచుకొని, దానిలో వర్ణనలను బేకగా నడపు ప్రబంధకవికి నేఁత యను మాటయే తగు నని నాకుఁ దోఁచును. అల్లిక యను మాట శతకకవి పద్యమునకుఁ జాలును.

తెలుఁగు వ్యాఖ్యాతలపై నాకుఁ గల ఫిర్యాదు పాల్కురికి సోమనాథుని కృతులయొద్ద మిక్కిలి యగును. ఆయన వస్త్రముల పేళ్లను గ్రుమ్మరించును. ఆ పేళ్లలో రంగు, అంచు, ఊరు, పోఁగు, దిగుమతి దేశము, ఏదో యొకటి దాఁగి యున్నది. టీకలోఁ బ్రతి పేరునకును ‘వస్త్రవిశేషము’. సోమనాథుఁ డంత శ్రమపడి వేఱుచేసినవానిని టీకాకారుఁ డొక్క మాటతో మరల నొక్క మూటఁ గట్టెను. సాధన మున్నది. ఆంధ్రప్రదేశ సాహిత్య అకాడమి వెలువరించిన మాండలిక వృత్తిపదకోశము రెండవ సంపుటము చేనేఁతపదములకే యేర్పడినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1971లో వెలువడిన యా గ్రంథమున నూరూర నేఁతవారి నోటినుండి సేకరించిన మాటలు గలవు. మన కావ్యవ్యాఖ్యాతలలో దానిని దెఱచినవారి యానవా లెంత వెదకినను నాకుఁ గానరాలేదు. భాషాశాస్త్రజ్ఞులది యని వైయాకరణులు, వృత్తులవారిది యని సాహితీపరులు దానిని బల్లపై నుంచిరి.

జాగు చేయుట కిది సమయము కాదు. 2009–10 నాఁటి జాతీయ చేనేఁత గణనలోఁ బనివారు 43.31 లక్షలు; 2019–20 గణనలో 35.22 లక్షలు. నేఁతవాఁడు మగ్గము విడిచినపుడు పని యొక్కటియే పోదు, పన్నెకు, కండెకు, ఆసునకు, పడుగు నదుకుటకు గల మాటలును బోవును. ‘ఆసులో కండెవలెఁ దిరుగుట’ యను మన పలుకుబడిని నేఁటి విద్యార్థులలో నెందఱు చూచి యర్థము చేసికొనఁగలరు? ఒక తరము గడచినచో దానికిని ‘ఉపకరణవిశేషము’ అని టీక వ్రాయవలసి వచ్చును. తర్కసంగ్రహమును, అమరకోశమును మరల ముద్రించువారు మగ్గపుఁ బట మొకటి యందుఁ జేర్చి, గూటములు, పన్నె, నాడె, వాయదండము, ఇవి యెక్కడ నుండునో గీఁతలు గీసి చూపినచో వ్యయము కొంచెము, ఫలము మెండు.

తురిశబ్దము మిగిలినది. కుంచె యనువారిని, నాడె యనువారిని మొదటఁ బేర్కొంటిని. తార్కికులు తురిని వేమను జంటగాఁ జదువుదురు. కుంచె పని పడుగు మగ్గమెక్కకమునుపే ముగియును. పటమునకు సాక్షాత్తుగా నసమవాయికారణమైన తంతుసంయోగమును గల్గించునది పేకను నడపుటయు, దానిని గొట్టుటయు. కొట్టునది వేమ. నడపునదే దానికి జంట కావలెను. కావునఁ దురి నాడెయే. పాఠము చెప్పునపుడు మగ్గ మని గాని, కుంచె యని గాని చెప్పరాదు.